మెరిసిన కడ్డీయే ముందు విరిగింది

ఆయన్ని అందరూ మెరుపు అనే పిలిచేవారు. క్రోమియం పూత పనిలో ఇరవై ఏళ్లుగా చెయ్యి తిరిగినవాడు. ఆయన తొట్టిలో మునిగి లేచిన ఉక్కు కడ్డీలో ముఖం చూసుకుని మీసం దిద్దుకోవచ్చు. ఆయన రోజూ దిద్దుకునేవాడు కూడా.

అలాంటి మనిషి ఒక శనివారం, విరిగిన పంపు ఇరుసులు రెండు గోనెసంచిలో వేసుకుని, మరదలు పనిచేసే లోహాల పరీక్షశాలలో ఊడిపడ్డాడు.

"పంపుల ఫ్యాక్టరీ వాళ్లు తిప్పి పంపారు. నా పూత వల్లే విరిగాయట! ఉక్కు నాసిరకమని నువ్వొక కాగితం రాసివ్వవే."

"పరీక్షించకుండా ఎలా రాస్తాను బావా?"

"పరీక్షించేదేముంది? చొక్కా మీద కోటు వేసుకుంటే చలి తగ్గుతుందా, పెరుగుతుందా?"

మరదలికి నవ్వొచ్చింది గానీ బావ మాటను కొట్టిపారేయలేదు. ఒకే ఉక్కు నుంచి కడ్డీలు కోయించి, ఒకదానికి బావ చేతే పూత వేయించింది.

తర్వాతి సోమవారం పది గంటలకు పందెం మొదలైంది. పక్కపక్కనే రెండు యంత్రాలు. ఒకదానిలో పూత కడ్డీ, రెండోదానిలో ఉత్త కడ్డీ. రెండింటికీ ఒకే బరువు వేలాడదీశారు. ఆ బరువుకు కనిపించీ కనిపించనట్టు వంగి, కడ్డీ నిమిషానికి మూడు వేల సార్లు గిర్రున తిరుగుతుంది. అలా వంగుతూ తిరిగి తిరిగి ఎప్పటికో అలిసిపోయి విరుగుతుంది. ఎన్ని చుట్లకు విరిగిందో పక్కనున్న మీటరు చెబుతుంది.

మెరుపు కుర్చీ లాక్కుని కూర్చుని, "కానీ నాన్నా, కానీ!" అంటూ తన కడ్డీని ఎగదోస్తున్నాడు.

పన్నెండు దాటిన కాసేపటికి టక్కుమంది. పూత కడ్డీ రెండు ముక్కలు. నాలుగు లక్షల చిల్లర చుట్లు. ఉత్త కడ్డీ తనకేమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది.

"నా దానికి బరువు ఎక్కువ వేశావు!"

"తూచుకో బావా."

తూచుకున్నాడు. నమ్మకం చాలక మళ్లీ తూచుకున్నాడు. అప్పుడు మరదలు విరిగిన ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమంది. అద్దంలాంటి పూత నిండా వెంట్రుకకన్నా సన్నటి పగుళ్లు.

"పూత గట్టిదే బావా, కానీ సాగదు. అందులో పుట్టుకతోనే పగుళ్లుంటాయి. వంగినప్పుడల్లా వాటిలో ఒకటి కొంచెం కొంచెంగా కింది ఉక్కులోకి దిగుతుంది. అక్కణ్ణించే విరుగుతుంది."

మెరుపు తిన్నగా ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు మరదలికి అక్క ఫోన్ చేసింది. "ఏమన్నావే మీ బావని? మీసం కూడా దువ్వుకోవట్లేదు!"

బుధవారం సాయంత్రానికి ఉత్త కడ్డీ కోటి చుట్లు పూర్తి చేసింది. ఆ కబురు పట్టుకుని మరదలే వాళ్లింటికి వెళ్లింది.

"దీనికి మందుంది. పూతకు ముందు కడ్డీ పైభాగమంతా ఆవగింజలంత ఉక్కు గుళ్లను జోరుగా చిమ్మి కొట్టించాలి. పై పొర నొక్కుకుపోయి బిగుసుకుంటుంది, పగులును లోపలికి అంత తేలిగ్గా రానివ్వదు. పూత కాగానే కొన్ని గంటలు ఓవెన్‌లో ఉంచితే, పూత తొట్టిలో ఉక్కు పీల్చుకున్న, దాన్ని పెళుసుగా చేసే హైడ్రోజన్ బయటికి పోతుంది."

"మచ్చలేని ఉక్కును కొట్టడమా? కొత్త కారుకి రంగు వేసేముందు సుత్తితో బాదినట్టుంది నీ వరస!"

"చేసి చూడండి, పోయేదేముంది?" అంది అక్క. ఆవిడ మాటకు ఎదురు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

పై సోమవారం, అలా కొట్టించి, పూత వేసి, ఓవెన్‌లో ఉంచిన కొత్త కడ్డీ యంత్రమెక్కింది. నాలుగు లక్షలు దాటేటప్పుడు మెరుపు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పది లక్షలకు మళ్లీ కూర్చున్నాడు. బుధవారం సాయంత్రం కోటి దాటాక మరదలు యంత్రం ఆపబోతే అడ్డుపడ్డాడు. "ఉండనీవే, దాని మానాన అది తిరుగుతోంది కదా!"

అక్కడి నుంచే పంపుల ఫ్యాక్టరీ ఇంజనీరుకి ఫోన్ కలిపాడు. గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు.

"తప్పు నాదేనండీ. ఇరుసులు మళ్లీ చేసిస్తాను. ఈసారి ముందు బాగా కొట్టించి మరీ ఇస్తాను."

"ఎవర్నండీ కొట్టించేది?" అన్నాడు అవతలాయన కంగారుగా.

పగుళ్ల సంగతి, ఉక్కు గుళ్ల సంగతి, ఓవెన్ సంగతి మెరుపు పావుగంట సేపు చెప్పాడు. అదంతా తానే కనిపెట్టినట్టు. మరదలు సంచీ భుజానికి తగిలించుకుని, ఆయన మాట ముగిసేదాకా గుమ్మం దగ్గర నవ్వుతూ నిలబడింది.