గోడమీది కాటు

గోడకు వేలాడే రొట్టె దుమ్ము దులపడంతో మవ్లూదాకు తెల్లవారుతుంది. వాళ్ళ ఆచారం ప్రకారం దూరం వెళ్ళేవాడు రొట్టె ఒక పక్క కొరికి వెళ్ళాలి. మిగిలింది అతను తిరిగొచ్చి తినేదాకా మేకుకు ఉండాలి. మొగుడు ఎర్గష్ అలాగే కొరికి రష్యాకు పనికి వెళ్ళాడు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టుకున్నాడని ఊరంతటికీ తెలుసు. రొట్టెకు తెలియదు.

అతని ముందుపళ్ళ మధ్య సందు ఆ కాటులో అలాగే ఉంది. బట్టలుతికినా, తందూరు రాజేసినా, అత్తగారి కాళ్ళు పిసికినా, ఆ తెరుచుకున్న నోరు ఏదో అనబోతున్నట్టే ఉంటుంది. ఒకసారి పక్కింటామెతో నవ్వి, గబుక్కున గోడవైపు చూసుకుంది. ఇల్లు సద్దుమణిగిన మధ్యాహ్నాల్లో నమిలే చప్పుడు వినిపించేది. ఎలుకేమోనని వెదికింది. ఎలుక లేదు.

మర్గిలాన్ పట్నంలో ఉన్న అక్క, పట్టు నేసేచోట పని ఉంది రమ్మని కబురు పెట్టింది. ఆ మాట ఎత్తితే అత్తగారు హనీఫా టీ తాగుతూనే అంది.

"నువ్వెళ్తే రొట్టెనెవరు కాస్తారే? అది గోడ మీదున్నన్నాళ్ళూ నువ్వు వాడి పెళ్ళానివి."

మవ్లూదా ఆమె టీ తాగిన గిన్నె అందుకుని కడిగింది.

మంచు మొదలైంది. పెరట్లో పిచ్చుకలు ఆకలికి ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటున్నాయి. మవ్లూదా ఎండిన సొరబుర్ర తెచ్చింది. కత్తి నిప్పుల్లో కాల్చి రెండు పక్కలా కిటికీలు కోసింది. లోపలి గింజలు దులిపేసింది. నీరు నిలవకుండా అడుగున చిల్లులు పొడిచింది. పిట్ట వాలడానికి మల్బరీ పుల్ల గుచ్చి, పిల్లికి అందకుండా ద్రాక్ష పందిరికి తీగతో వేలాడదీసింది.

మొగుడికి వడ్డించే రాత లేదు, పిట్టలకైనా వడ్డించుకొమ్మంది అత్తగారు గుమ్మంలోంచి. తరవాత తనే చెప్పింది. రొట్టెను పారెయ్యకూడదట, కాల్చకూడదట, తొక్కకూడదట. ఎండిపోయింది పిట్టలకే పెట్టాలని వాళ్ళమ్మ అనేదట.

మర్నాడు మవ్లూదా గుడ్డ పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. దుమ్ము దులపలేదు. రొట్టెను దించింది. రాయిలా ఉంది. రోట్లో వేసి దంచింది. కాటు ఉన్న అంచు చివరిదాకా నలగలేదు. ఇంకా గట్టిగా దంచింది. ఆ పొడి సొరబుర్రలో పోసింది. ముందు ఒక పిచ్చుక వచ్చింది. వెనకాలే గుంపు.

అత్తగారు ఖాళీ మేకును చూసింది. పందిరివైపు చూసింది.

"వాడొస్తే ఏం తింటాడే?"

"తాజాది కాల్చుకు తింటారు అత్తయ్యా. తందూరు ఇక్కడే ఉంది."

ఇంట్లో నమిలే చప్పుడు లేదు. మవ్లూదా అక్క దగ్గరికి వెళ్ళడానికి మూట కట్టుకుంది. బయల్దేరే వేళకు అత్తగారు వేడి రొట్టె ఒకటి తెచ్చి ముందు పట్టింది. మవ్లూదా ఒక పక్క కొరికింది. అత్తగారు దాన్ని తీసుకుని మేకువైపు తిరిగింది. మవ్లూదా ఆమె చెయ్యి పట్టుకుంది.

"గోడకొద్దు. పిట్టలకు వేసెయ్యండి. నాకోసం ఎవరూ కాపలా ఉండక్కర్లేదు."