అరవై ఒకటో రోజు ఆట

నాగమల్లేశ్వరికి ఆఫ్‌సైడ్ అంటే ఏంటో రెండేళ్లయినా అంతుపట్టలేదు. మేనల్లుడు చిన్నా అగ్గిపుల్లలు పేర్చి చూపించాడు, చీపురుపుల్లలు పేర్చి చూపించాడు, చివరికి విసిగి దండం పెట్టాడు. అయినా కాగితాల మీద నిజాంపట్నం ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరు ఆవిడే. ఉన్న డ్రిల్లు మాస్టారికి బదిలీ అయిపోతే, ఎవరో ఒకరు సంతకం పెట్టందే జట్టు పేరు రాసుకోబోమన్నారు లీగు వాళ్లు. కుర్రాళ్లు ఆడేదేమో ఆవిడ చేపలు ఎండబెట్టుకునే దిబ్బ మీద. వాళ్లను పొద్దున్నే నిద్రలేపగల గొంతు రేవు మొత్తానికి ఆవిడ ఒక్కదానిదే. ఆ రెండు అర్హతలూ చాలన్నారు అందరూ.

ఆట తెలియకపోయినా ఒక సంగతి మాత్రం ఆవిడకు బాగా తెలుసు. ఈ ఏడు జట్టు రెండో డివిజను నుంచి కిందికి జారితే, ఇక జట్టంటూ ఉండదు. రెండో డివిజను ఆటలు ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు వరకు జరుగుతాయి. కాలేజీ సెలవులు చూసి లీగు వాళ్లు పెట్టుకున్న తేదీలవి. గంగమ్మ తల్లి దయో ఏమో, సముద్రం మీద వేట నిషేధం కూడా సరిగ్గా ఆ అరవై ఒక్క రోజులే. బోట్లు కట్టేసి ఉంటాయి, కుర్రాళ్లు ఖాళీగా ఉంటారు, దిబ్బ మీద ఎండేయడానికి చేప ఉండదు. మూడో డివిజను ఆటలు మాత్రం నవంబరులో మొదలై జనవరిదాకా సాగుతాయి. అప్పుడు నిజాంపట్నంలో బంతి తన్నడానికి మిగిలేది ముసలివాళ్లూ మేకలూ.

ఎనిమిది జట్లలో ఆఖరుది ఒక్కటే కిందికి పోతుంది. వేటపాలెం వాళ్లు ఆటలన్నీ ముగించుకుని పదకొండు పాయింట్ల దగ్గర కూర్చున్నారు. నిజాంపట్నానివీ పదకొండే, కానీ బాపట్లలో ఒకే రోజు నాలుగు గోల్స్ తిన్న పాపానికి లెక్కల్లో వెనకబడ్డారు. మిగిలింది రేపల్లెతో ఒక్క ఆట. గెలవక్కర్లేదు. సమానంగా ముగించినా ఒక పాయింటు వస్తుంది, జట్టు బతుకుతుంది.

ఆ ఆట జూన్ పదకొండున జరగాల్సింది. ఆ రోజు తెనాలిలో వాన దంచికొట్టింది. లీగు వాళ్లు తాపీగా ఆలోచించి పద్నాలుగో తేదీకి మార్చారు. నిషేధానికి ఆఖరి రోజు అది. ఆ రాత్రికే రేవులో బోట్లన్నీ సముద్రం మీదికి పోతాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది మల్లేశ్వరికి.

"ఆ రోజు ఆటేంటమ్మా?" అన్నారు బోట్ల యజమాని బసవేశ్వరరావుగారు. రేపల్లె పక్క మాగాణి రైతు కుటుంబం ఆయనది. పొలాల మీద కలిసొచ్చిన దాంతో మూడు బోట్లు కొన్నారు. సముద్రాన్ని మాత్రం ఇప్పటికీ ఒడ్డు మీద నుంచే చూస్తారు. "ఐసు ఎక్కించాలి. డీజిలు పట్టాలి. సాయంత్రం పూజ."

"ఐసూ డీజిలూ పొద్దున్నే ఎక్కించేస్తారండి. ఏడున్నరకల్లా పూజ కాడుంటారు. నాదండి పూచీ."

"ఏడున్నర దాటితే కాకినాడ వాళ్లను ఎక్కించుకుంటాను. రేవులోనే ఉన్నారు వాళ్లు. ఆనక వచ్చి నన్నేం అనుకోవద్దు."

"అనుకోమండి," అంది. అన్నదే గానీ ఆ రోజు నుంచి ఆవిడకు అన్నం దిగితే ఒట్టు. వక్కపలుకులు నమిలి నమిలి నాలుక మొద్దుబారింది.

పద్నాలుగున మధ్యాహ్నం పన్నెండున్నరకు వ్యాను కదిలింది. పదమూడు మంది ఎక్కారు. ఆవిడ మూడుసార్లు లెక్కపెట్టింది. మనుషుల్ని లెక్కపెట్టడం ఆవిడకు అలవాటు కాదు, జబ్బు.

తొమ్మిదేళ్ల కిందట ఆవిడ భర్త నాగులు ఎక్కిన బోటు మీదివాళ్లు తెల్లారుజామున వల లాగి, చేప ఏరి, టీ కాచుకునేటప్పుడు చూసుకుంటే ఒక గ్లాసు మిగిలిపోయింది. నాగులు లేడు. ఎప్పుడు పడ్డాడో ఎవరూ చూడలేదన్నారు. అరుపు కూడా ఎవరికీ వినపడలేదన్నారు. రెండు రోజులు వెతికి తిరిగొచ్చారు. ఆ తర్వాత రేవు పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారు. "మనిషి నీళ్లల్లో" అని ఎవరు అరిచినా సరే, చేతిలో తాడున్నా కత్తున్నా అన్నం ముద్దున్నా వదిలేసి పోవాలి. ఎవరు, ఏంటి, ఎంత లోతు అని అడగకూడదు. పసిపిల్లలు కూడా ఆడుకుంటూ ఆ మాట అనకూడదు.

చిన్నా ఆ బోటు మీదే ఉన్నాడు అప్పుడు. నాగులుకు సొంత చెల్లెలి కొడుకు, పదహారేళ్లవాడు, వేటకు కొత్త. ఇప్పుడు ఇరవై అయిదు దాటాయి. జట్టుకు గోలుకీపరు వాడే, కెప్టెనూ వాడే. మాట తక్కువ. దిబ్బను చదును చేసింది, గోలు గుంజలకు పాత వలలు కట్టింది, కుర్రాళ్లను పోగుచేసింది అన్నీ వాడే. ప్రతి ఆట తర్వాత వాడి గ్లౌజులను మల్లేశ్వరి తన చేపల తాళ్ల మీద ఎండేసేది. ఆ వాసనకే ఎదుటివాళ్లు గోలు దగ్గరికి రావడానికి జంకుతున్నారని కుర్రాళ్ల ఎగతాళి.

రేపల్లె దాటాక రైల్వే గేటు పడింది. ప్యాసింజరు రాదు, గేటు లేవదు. మల్లేశ్వరి వ్యాను దిగి పట్టాల వంక చూసింది, ఎక్కింది, మళ్లీ దిగింది.

"అత్తా, నువ్వు చూస్తే రైలు తొందరగా రాదు. వచ్చి కూకో," అన్నాడు చిన్నా.

"నాకు తెలుసులేరా," అని మళ్లీ దిగింది.

మూడున్నరకు ఆట మొదలుపెడతామంటే మూడూ ఇరవైకి చేరారు. తెనాలి ఊరి చివర కాలవ పక్కనుంది గ్రౌండు. ఒకవైపు గీతకీ కాలవ గట్టుకీ మధ్య నాలుగు బారల చోటు కూడా లేదు. వాన తడికి గట్టు జారుడుగా ఉంది. కాలవకు నీళ్లు వదిలి రెండు రోజులే అయింది, ఎర్రగా సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. మేనేజర్లు నిలబడాల్సింది ఆ గట్టు వైపే. మల్లేశ్వరి చెప్పులు విడిచి నిలబడింది.

పదో నిమిషంలోనే నిజాంపట్నం వాళ్లు గోలు కొట్టారు. కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడి గంతులేశారు. ఆవిడకు మాత్రం సంతోషం రాలేదు, ఇంకా భయమేసింది. పోగొట్టుకోవడానికి ఇప్పుడు ఒకటి చేతిలో ఉంది. అనుకున్నట్టే సగం ఆట కాకముందే రేపల్లె వాళ్లు దాన్ని సమానం చేశారు. ఆ కొట్టినవాడి పేరు రాజీవ్. పొడుగ్గా, చల్లగా, పెళ్లికొచ్చినవాడిలా ఆడుతున్నాడు. ఈ ఆటతో వాళ్లకు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. అలాంటివాళ్లతోనే ప్రమాదం.

రెండో సగమంతా బంతి నిజాంపట్నం వైపే ఉంది. చిన్నా పడ్డాడు, లేచాడు, మోచెయ్యి చీరుకుపోయింది. ఒక బంతిని వేలికొసలతో పైకి నెట్టాడు, ఇంకోదాన్ని మొహంతో ఆపాడు. గంట అయిదూ పది దాటింది. సగంలో ఎవడికో కాలు పట్టేసి ఆట ఆగినందుకు రిఫరీ పౌలు మాస్టారు ఇంకో అయిదు నిమిషాలు ఎక్కువ ఆడిస్తానన్నారు. అయిదు నిమిషాలు. వ్యాను డ్రైవరు అప్పటికే ఇంజిను స్టార్టు చేసుకున్నాడు. మల్లేశ్వరి చీర కొంగు ముడేసి, విప్పి, మళ్లీ ముడేసింది. మూడు నిమిషాలు. రెండు.

అప్పుడు బంతి కాలవ వైపు దొర్లుకుంటూ వచ్చింది. గీత దాటితే నిజాంపట్నం వాళ్ల చేతికొస్తుంది, సమయం గడిచిపోతుంది. రేపల్లె కుర్రాడు జశ్వంత్ ప్రాణం పెట్టి పరుగెత్తుకొచ్చి, గీత మీద దాన్ని మడమతో లోపలికి తన్నాడు. బంతి ఆగింది గానీ వాడు ఆగలేదు. ఆవిడ పక్కనుంచే జారాడు. బురదలో రెండు గీతలు పడ్డాయి. దబ్బున నీళ్లు ఎగిరాయి.

పౌలు మాస్టారు బంతినే చూస్తున్నారు. అందరూ బంతినే చూస్తున్నారు. కాలవను చూసింది మల్లేశ్వరి ఒక్కతే.

"మనిషి నీళ్లల్లో."

ఆ అరుపు ఆవిడ అరవాలనుకుని అరిచింది కాదు. తొమ్మిదేళ్లుగా గొంతులో కాచుక్కూర్చున్న మాట అది. నిజాంపట్నం వాళ్లు పదకొండు మందీ ఒక్కసారిగా తల తిప్పారు. బంతి పక్కన ఉన్నవాడు బంతిని వదిలేశాడు. రాజీవ్ మీద కాపలా ఉన్నవాడు రాజీవ్‌ను వదిలేశాడు. ఎవరు, ఎంత లోతు అని ఒక్కడూ అడగలేదు. వరసగా ఆవిడ పక్కనుంచి పరుగెత్తి కాలవలోకి దూకారు. అందరికన్నా దూరం నుంచి, గోలు ఖాళీగా వదిలేసి, గ్లౌజులు కూడా తీయకుండా వచ్చి దూకినవాడు చిన్నా.

జశ్వంత్ రెండు గుటకలు మింగి, గుర్రపుడెక్క ఆకులు నెత్తిన పెట్టుకుని లేచి నిలబడ్డాడు. నీళ్లు వాడి రొమ్ముదాకా ఉన్నాయి. ఆరుగురు వాడి చేతులూ కాళ్లూ జబ్బలూ పట్టుకుని పైకెత్తుతుంటే బిత్తరపోయి చూశాడు.

"నాకు ఈత వచ్చండి," అన్నాడు.

ఈల వినపడింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. బంతి అవతల నిజాంపట్నం గోలు వలలో ఉంది. దాని ముందు రాజీవ్ ఒక్కడే నిలబడి, ఎందుకు ఎవరూ అడ్డం రాలేదో అర్థంకాక చుట్టూ చూస్తున్నాడు. పౌలు మాస్టారు చెయ్యి చాపి మధ్య గీత వైపు చూపించారు.

"నేను చూడలేదండి మాస్టారూ. మావాడు పడ్డాడని తెలిస్తే కొట్టేవాణ్ణి కాదు," అని రాజీవ్ రిఫరీ దగ్గరికి వెళ్లి మరీ చెప్పాడు. పౌలు మాస్టారు మంచి మనిషి, ఆయన మొహం కూడా చిన్నబోయింది.

"నేనూ చూడలేదు బాబూ. ఈల వెయ్యలేదు. ఆట నడుస్తోంది. గోలు గోలే," అన్నారు.

ఇంకో నిమిషం ఆడించి ముగించారు. రేపల్లె రెండు, నిజాంపట్నం ఒకటి.

వ్యానునిండా తడిబట్టల నుంచి కాలవ బురద వాసన. మల్లేశ్వరి ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరగలేకపోయింది. ఎవడైనా నాలుగు తిడితే బాగుండుననుకుంది. పద్నాలుగు ఆటలు, రెండు నెలలు, రొమ్ములోతు నీళ్లు. రొమ్ములోతని నిలబడ్డ చోటు నుంచి తనకు తెలియదా? కాలవ కదా అది, సముద్రమా? జట్టును పడేసింది రేపల్లె వాళ్లు కాదు, తను. ఆ మాట చిన్నా నోటి నుంచి ఎప్పుడు వస్తుందా అని గేటు దగ్గర, రేపల్లె బస్టాండు దగ్గర, ప్రతి మలుపు దగ్గర చెవులు రిక్కించి కూర్చుంది. వాడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. గ్లౌజులు ఇంకా చేతులకే ఉన్నాయి.

ఏడూ ఇరవైకి రేవులో దిగారు. పూజకు పడ్డ పూచీ ఒక్కటైనా నిలబడింది. బోట్లకు పసుపు రాసి, మామిడాకులు కట్టి, దీపాలు వెలిగించారు. బసవేశ్వరరావుగారు కుర్రాళ్లను ఎగాదిగా చూశారు.

"ఏంటమ్మా, ఆట నీళ్లల్లో పెట్టారా?"

ఆవిడ జరిగింది చెప్పింది. దాచలేదు. ఆయన "రొమ్ములోతుకు పదకొండు మందా? ఒకడు పోతే సరిపోయేది కదమ్మా," అన్నారు. లెక్కకు ఆయన మాట నిజమే. నిజం కాబట్టే ఆవిడకు ఏడుపొచ్చింది.

పూజ అయ్యింది. కుర్రాళ్లు ఒక్కొక్కరే బోటెక్కుతున్నారు. వేటకు పోయేవాళ్లను వెనకనుంచి పిలవకూడదు గనక ఆవిడ ఐసు పెట్టెల పక్కన మౌనంగా నిలబడింది. చిన్నా పలక మీద కాలు పెట్టినవాడల్లా దిగి వెనక్కి వచ్చాడు. ఇప్పుడు అంటాడు, అనుకుంది. మెడ వంచుకుంది.

"అత్తా," అన్నాడు. తడి గ్లౌజుల వంక చూసుకున్నాడు. "మావయ్య పడ్డ రోజు అరుపు నాకు ఇనపడింది."

ఆవిడ తలెత్తింది.

"వల లాగుతున్నాం. తాడు నా చేతిలో ఉంది. వదిలితే తిడతారని భయమేసింది. ఎవరో ఒకళ్లు చూస్తార్లే అనుకున్నా. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు." "ఇయ్యాళ వదిలేశానత్తా."

మల్లేశ్వరికి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. తొమ్మిదేళ్లు తన చేతి అన్నం తిన్నాడు, తన దిబ్బ మీద ఆడాడు, తనతో ఆ మాట చెప్పలేదు. మొగుడు అరిచాడన్నమాట. పిలిచాడన్నమాట. మరుక్షణమే, పదహారేళ్ల పిల్లాడు తాడు పట్టుకుని వణుకుతూ కళ్లముందు కనిపించాడు. ఈ రెండూ ఒక్క గుండెలో ఎలా పడతాయో ఆవిడకు తెలియలేదు. బోటు మీద నుంచి చిన్నాను కేకేస్తున్నారు.

ఆవిడ చెయ్యి చాపింది.

"గ్లౌజులియ్యి," అంది.

"ఇంకెందుకత్తా అయ్యి? జట్టే లేదుగా."

"తడిగా ఉన్నాయి. ఇయ్యి."

వాడు ఒక్కో వేలూ లాగి తీసిచ్చాడు. ఆవిడ వాటిని గట్టిగా పిండింది. ఎర్రటి కాలవ నీళ్లు రేవు గట్టు మీద పడ్డాయి.

"నువ్వొచ్చేసరికి ఆరిపోతాయి," అంది.