సగంలో ఆగిన ఆసిలోస్కోప్

చంటికి ముప్పై ఆరేళ్లు. గుబురు మీసం, లిఫ్టుల కంపెనీలో పద్నాలుగేళ్ల సర్వీసు, చేతికింద నలుగురు మెకానిక్‌లు. ఎన్ని ఉన్నా ఇంట్లోవాళ్లకు అతను ఇంకా చంటే. ఆ పేరు పట్టుకుని ఏడిపించే హక్కు మాత్రం ఒక్క బావకే ఉండేది.

"చంటిగారు పాలు తాగి వచ్చారా?" అంటూ తలుపు తీసేవాడు బావ.

"మా అక్కనిచ్చిన పాపానికి ఇంకెన్నాళ్లు పడాలి బావా?" అంటూ చంటి లోపలికి అడుగుపెట్టేవాడు.

పదకొండేళ్లు, ప్రతి ఆదివారం ఇదే పలకరింపు.

బావ ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్. కాలేజీలో పనిచేసింది చాలనట్టు ఇంట్లో వెనక గదిని కూడా ల్యాబ్ చేసేశాడు. గోడ పొడవునా బల్ల, దాని మీద సోల్డరింగ్ ఐరన్, మీటర్లు, విప్పి పడేసిన రేడియోలు. ఆ గదికి ఒక్కటే లోటు, ఆసిలోస్కోప్. సర్క్యూట్‌లో కరెంటు ఎలా ఎగిసిపడుతోందో తెర మీద పచ్చటి గీతగా చూపించే యంత్రం అది. ఒకరోజు కాలేజీవాళ్లు స్టోరులో మూలపడ్డ పాతదాన్ని పారేస్తున్నారని తెలిసి, బావ బతిమాలి తెచ్చుకున్నాడు. ఇద్దరికన్నా వయసులో పెద్దది. చెరో పక్క పట్టి మూడంతస్తులు ఎక్కించేసరికి నడుములు విరిగినంత పనైంది.

"లిఫ్టు లేని ఇల్లు తీసుకున్నావేంటి బావా!"

"లిఫ్టుంటే నిన్నెందుకు పిలుస్తాన్రా?"

మూత విప్పితే లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. కెపాసిటర్లు కొన్ని ఉబ్బిపోయాయి, కొన్ని కారి ఎండిపోయాయి. నాలుగు నెలల ఆదివారాలు ఇద్దరూ దాని ముందే కూర్చున్నారు. పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపారు. తిప్పుతుంటే గరగరమనే నాబ్‌లన్నిటినీ కడిగారు. ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోకుండా బావ వాటిని ఖాళీ మాత్రల డబ్బాల్లో వేసి పైన పేరు రాసేవాడు. ఒక్కో వోల్టేజీ సరిగ్గా వచ్చినప్పుడల్లా బావ, చంటి వీపు మీద చరిచి నవ్వేవాడు. బావ నవ్వు ఆగి ఆగి, దగ్గు తెరలా వచ్చేది. అది వింటే చంటికి కూడా నవ్వు ఆగేది కాదు.

కానీ తెర మాత్రం వెలగలేదు.

అయిదో నెలలో ఒక బుధవారం పొద్దున్నే అక్క రెండు సంచులతో తమ్ముడింటికి వచ్చేసింది. చంటి ఒక్కడే ఉండే రెండు గదుల ఇల్లు. సంచులు గోడవారగా పెట్టి, "ఇక వెళ్లనురా," అంది.

"బావ ఏమన్నాడు?"

"ఏమంటాడు? సరే అన్నాడు."

కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. మధ్యలో ఇంకో మనిషీ లేరు. దేన్నైనా రిపేరు చెయ్యగలనని గర్వపడే చంటికి ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియలేదు. ఆ ఆదివారం చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్క ముఖం చూసి, చెప్పులు విడిచేశాడు.

నెల తిరిగాక చంటి పనిచేసే వర్క్‌షాపుకి ఒక వ్యాను వచ్చింది. పాత దుప్పట్లో చుట్టిన ఆసిలోస్కోప్, మాత్రల డబ్బాలు, ఒక కాగితం. "ఇల్లు ఖాళీ చేస్తున్నాను. చిన్న గదిలోకి మారుతున్నా, అక్కడ దీనికి చోటు లేదు. ఇక చూడాల్సింది తెర వెనక హై వోల్టేజీ ఒక్కటే. ప్లగ్గు పీకాక పది నిమిషాలు ఆగు. షాకు గుండె దాకా పోకుండా ఒక చెయ్యి జేబులో పెట్టుకునే పనిచెయ్యి. తొందరపడకు, నీకసలే తొందరెక్కువ."

చంటి ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కళ్లలో దుమ్ము పడిందని మెకానిక్‌లతో అని, నీళ్ల కుళాయి దగ్గర చాలాసేపు ఉండిపోయాడు.

ఆసిలోస్కోప్‌ను ఇంటికి తెచ్చుకుని, తర్వాత రెండు ఆదివారాలు దాని ముందు ఒక్కడే కూర్చున్నాడు. తెర వెనక రెండువేల వోల్టులు ఉండాల్సిన చోట వందైనా లేవు. ట్రాన్స్‌ఫార్మర్ పోయి ఉంటుందని బావ అనుమానం. చంటి ఒక్కొక్క భాగాన్నీ తీసి కొలుచుకుంటూ వెళ్లాడు. చివరికి దొరికింది ఒక చిన్న రెసిస్టర్. పైకి నిగనిగలాడుతోంది, లోపల తెగిపోయింది. దాన్ని మార్చి, కిటికీ తెరలు దించి, స్విచ్ వేశాడు.

నిమిషం తర్వాత తెర మధ్యలో పచ్చటి చుక్క వెలిగింది. నాబ్ తిప్పితే చుక్క సాగి గీతయింది. యంత్రానికి తగిలించిన ప్రోబు తీగ కొనకు వేలు తాకించగానే గీత అలలు అలలుగా లేచింది.

చెయ్యి దానంతటదే ఫోను తీసింది.

"బావా! గీత వచ్చింది!"

"నిజంగా? ఫోకస్ ఎలా ఉంది?"

"సూదిమొనలా ఉంది."

"ఇంతకీ పోయిందేంటి?"

"బోడి రెసిస్టర్ బావా!"

"ఓరి దాని దుంపతెగ! పాపం ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎన్ని తిట్లు తిట్టాన్రా!" బావ నవ్వాడు, ఆగి ఆగి, మునుపటిలాగే. ఉన్నట్టుండి ఆ నవ్వు తెగిపోయింది.

"చంటీ, ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. ఇక ఫోన్ చెయ్యొద్దురా."

"నేనేం చేశాను బావా?"

"నువ్వేం చెయ్యలేదు. నీ మాటతీరంతా మీ అక్కదే. వింటే రెండు రోజులు మనిషిని కాలేను. పైగా నేనిప్పుడు నీకు బావనెలా అవుతాను? ఆ పిలుపు మానుకోవాలి కదా."

ఫోను పెట్టేశాడు. చంటి తలెత్తేసరికి గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

"పనిచేసిందా?"

"ఆ."

"ఏదీ, చూపించు."

చంటి ప్రోబు కొనకు వేలు తాకించాడు. అలలు లేచాయి. అక్క చాలాసేపు చూసింది.

"బాగుందిరా," అంది. తర్వాత కింద కూర్చుని, గోడకు చేరబడింది. "ఆదివారాలు మీ నవ్వులు వంటింట్లోకి వినపడేవి. మొదట్లో ఎంత సంతోషంగా ఉండేదో. పోనుపోను, సోమవారం నుంచి ఎదురుచూసేదాన్ని, ఈ మనిషి నా దగ్గర ఒక్కసారైనా అలా నవ్వుతాడేమోనని. చెడ్డవాడు కాదురా. నాతో నవ్వు రాలేదు, అంతే. నాకూ రాలేదనుకో."

"ఒక్క ముక్క నాతో చెప్పకూడదా అక్కా?"

"చెప్తే నువ్వు రావడం మానేసేవాడివి. అప్పుడు ఇంట్లో ఆ నవ్వు కూడా ఉండేది కాదు."

చంటికి క్షమించమని అడగాలనిపించింది, కానీ దేనికని అడగాలో తెలియలేదు. వెళ్లి అక్క పక్కన కూర్చున్నాడు.

విడాకులు వచ్చిన రోజు అక్కను తీసుకుని కోర్టుకు వెళ్లింది చంటే. అక్క లోపల సంతకాలు పెడుతుంటే అతను వరండాలో నిలబడ్డాడు. బావ తన సంతకాలు ముగించుకుని బయటికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. చంటి నోరు తెరిచాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, "నమస్తే అండీ," అన్నాడు.

బావ కూడా చేతులు జోడించాడు. "బాగున్నారా?" అన్నాడు.

పదకొండేళ్లలో ఆ మనిషి తనను 'మీరు' అనడం వేళాకోళానికి తప్ప ఎన్నడూ లేదు.

"బాగున్నానండీ," అన్నాడు చంటి.

బావ తల ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. అక్కను ఇంటి దగ్గర దింపి చంటి పనిలోకి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఆగిపోయింది. మేడ మీది మోటారు గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసుకుని, టూల్‌బాక్సు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని లేచి, లిఫ్టు బాగుచేశాడు.