మొదటి చెంబుకే పోయిన మట్టి

ఏడో నంబరు చొక్కాను అతడు తిరగేసి బండమీద పరిచాడు. భుజం నుంచి అంచు దాకా అరచేత్తో నిమిరి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ పరిచాడు. చెమట వాసన లేదు.

జాతీయ రగ్బీ జట్టు బట్టలు ఉతకడం అతడి పని. ఇరవై రెండేళ్ళుగా అదే సిమెంటు బండ, అదే కుళాయి. వేళ్ళ సందుల్లో చర్మం చిట్లి, మానీ, మళ్ళీ చిట్లి, చివరికి నొప్పినే మరిచిపోయింది. నెత్తురు, చీమిడి, వాంతి, అన్నీ ఉతికాడు. దేనికీ ముఖం చిట్లించలేదు.

ఉతికే ముందు మట్టిని చదవడం అతడి అలవాటు. మట్టి భుజం మీదుంటే ఎదుటివాణ్ణి గుద్ది పడగొట్టినవాడు. పొట్ట మీదుంటే బంతి కోసం నేల మీద పాకినవాడు. సాధన ముగిశాక కోచ్ వచ్చి, "ఎవరు పడ్డారు?" అని అడిగేవాడు. అతడు నంబర్లు చెప్పేవాడు. ఆ నంబర్లలోంచే జట్టు పుట్టేదని అతడి నమ్మకం. కోచ్‌లు మారారు, ప్రశ్న మారలేదు. ఒక్కనాడూ అతడు అబద్ధపు నంబరు చెప్పలేదు. అక్షరం ముక్క రాని మనిషికి అదే సంతకం.

చెంబెడు నీళ్ళు పోశాడు. చొక్కా మీది మట్టంతా ఒక్కసారిగా జారి కాలువలో పడింది.

పడ్డవాడి మట్టి అలా పోదు. పోగుల్లో ఇరుక్కుని, గడ్డి పసరుతో కలిసి, మూడు నీళ్ళకు గాని వదలదు. ఇది చేత్తో పూసిన మట్టి. శ్రద్ధగా, సమంగా, గోడకు సున్నం పూసినట్టు.

అతడు నంబరు మళ్ళీ చూశాడు. ఏడో నంబరు అతడి మేనల్లుడు.

బయట వరండాలో శనివారం ఆట మీద వాదన నడుస్తోంది. రాబోయేది ప్రపంచంలోకెల్లా బలమైన జట్టు. కిందటిసారి వాళ్ళు డెబ్బై రెండు కొడితే మనవాళ్ళు మూడు.

"యాభై లోపు ఆపితే గెలిచినట్టే లెక్క," అన్నాడు జట్టు డాక్టరు.

"యాభయ్యా? మీరు మరీ ఆశపోతు సార్!" బస్సు డ్రైవరు నవ్వాడు. "వాళ్ళ తొడంత లేదు మనవాడి నడుం. సగం ఆటకే యాభై కొట్టేస్తారు."

"మనవాళ్ళు తెలివైనవాళ్ళయ్యా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారుగా. తొక్కడమే మానేశారు!" అన్నాడు డాక్టరు.

నవ్వులు పగిలాయి. గెలుస్తామేమో అన్న మాట ఒక్క నోటా రాలేదు.

అతడు ఒక్కో చొక్కా తీసి ఒక్కో చెంబు పోశాడు. పదకొండు మొదటి నీళ్ళకే శుభ్రపడ్డాయి. నాలుగే మొండికేశాయి.

"అయిపోయిందా మామయ్యా?" మేనల్లుడు గుమ్మంలో నిలబడ్డాడు. తల దువ్వుకుని ఉన్నాడు.

"ఎక్కడ పూశావురా?"

"కుళాయి దగ్గర. నేనొక్కణ్ణే కాదు. ఎలాగూ ఓడే ఆటకి ఇప్పట్నుంచే ఒళ్ళు హూనం చేసుకోవడం దేనికి? నువ్వు కాస్త నోరు మెదపకు, చాలు. శనివారం అమ్మ కూడా చూడ్డానికొస్తోంది."

"మా చెల్లెలి మాటెత్తకు. అది ఏం కని పెంచిందో దానికి తెలీదు."

అప్పుడే కోచ్ వచ్చాడు.

"ఎవరు పడ్డారు?"

కుళాయి కారుతోంది. మేనల్లుడు కళ్ళతోనే బతిమాలాడు.

"రెండు. మూడు. ఆరు. పదమూడు."

"ఏడు?"

"పడలేదు సార్. పూసుకున్నాడు. తక్కిన పదిమందీ అంతే."

కోచ్ ఉలిక్కిపడలేదు. బూటు అంచుకంటిన తడి దులుపుకున్నాడు. "తెలుసులేవయ్యా. నలుగురితో జట్టెలా కడతాను? పదిహేను పేర్లూ పొద్దున్నే పంపించేశా."

"మరి నన్నెందుకడిగారు?"

"అడక్కపోతే చిన్నబుచ్చుకుంటావని. మొదట్నుంచీ అంతేగా."

మేనల్లుడు ఊపిరి వదిలాడు. కోచ్ వాడి భుజం తట్టి తీసుకెళ్ళాడు.

ఏ వాంతికీ కలగని రోత అతడి గొంతులోకి ఎగదన్నింది. ఉమ్మేశాడు. అయినా పోలేదు.

మొండికేసిన నాలుగు చొక్కాలనూ మూడేసి నీళ్ళు పెట్టి ఉతికాడు. పసరు వదిలేదాకా రుద్దాడు. నీడన ఆరేశాడు. తక్కిన పదకొండింటినీ మళ్ళీ ముట్టుకోలేదు. మడిచిన పంట్లాం కిందికి దించుకుని, తడిచేతులతోనే వరండా దాటాడు. వాదన అరవై దగ్గర నడుస్తోంది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. మర్నాడు అతడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

కుళాయి గట్టు మీద సబ్బుబిళ్ళ ఉండిపోయింది. దాని నడుమ అతడి నాలుగు వేళ్ళూ సరిగ్గా పట్టేంత గుంట, ఆ గుంటలో ఎండిన కాస్త నురగ.