రమణి పాస్‌వర్డ్

టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకుని రమణి కొత్త పాస్‌వర్డ్ కొడుతోంది. మార్కాపురంలో ఒక చిన్న ల్యాబులో రిపోర్టులు టైపు చెయ్యడం ఆమె పని. ఇన్నాళ్లూ అందరూ ఆమె పాస్‌వర్డ్‌తోనే రిపోర్టులు తెరిచేవాళ్లు. ఇకమీదట ఎవరికైనా చెబితే పనిలోంచి తీసేస్తానని ల్యాబు నడిపే డాక్టరు నిన్న గట్టిగా చెప్పాడు. ఆ మాట నిజమనుకున్నది రమణి ఒక్కతే, పిచ్చిది.

టెక్నీషియన్ కోటి వచ్చి కొత్త పాస్‌వర్డ్ ఏంటని అడిగాడు. కొనకనమిట్ల నుంచి తీసుకొచ్చి ఆమెను ఈ కుర్చీలో కూర్చోబెట్టింది అతనే. చెప్పకూడదంట అన్నా, అని గొణిగింది.

"అన్న దగ్గర దాచేంతది ఏముందమ్మా అందులో?"

అంతే, కౌంటర్లో కూర్చునే సుధారాణి కూడా ఆమెను అదోలా చూడసాగింది. రోజూ ముగ్గురూ కూరలు మార్చుకుని తింటారు. ఆవేళ రమణి వడ్డించిన గోంగూర పచ్చడిని కోటి ముట్టలేదు. సుధారాణి తన గిన్నె పక్కకు జరుపుకుంది. నేను నిజంగానే ఏమన్నా దాస్తున్నానా అని రమణికి తన మీద తనకే అనుమానం వచ్చింది. ఉండబట్టలేక చెప్పేసింది. కోటి పచ్చడి కలుపుకున్నాడు.

వాళ్లు తిన్నాక పక్క హోటలు యజమాని వచ్చి, తన దగ్గర దోసెలు పోసే కుర్రాడు మల్లికి టీబీ ఉందా అని కోటిని ఆరా తీశాడు. బావా అని పిలిచేవాడు అడిగితే కోటి కాదంటాడా? రమణి పాస్‌వర్డ్‌తో రిపోర్టు తెరిచి చూపించాడు.

సాయంత్రం మల్లి ఏడుస్తూ వచ్చాడు. పని పోయిందట. ఆ రిపోర్టు ఎవరు తెరిచారని డాక్టరు కంప్యూటర్లో చూశాడు. రమణి పేరుంది.

"ఎవరికి చెప్పినావు పాస్‌వర్డ్?"

రమణి కోటి వైపు చూసింది. అతను తల ఎత్తకుండా మిషను తుడుస్తున్నాడు. నోరు విప్పుతాడేమోనని చాలాసేపు చూసింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్నా అని పిలిచిన నోటితో అతని పేరు చెప్పలేకపోయింది.

"ఎవరికీ చెప్పలేదు సార్. నేనే చూపించినా."

రేపటి నుంచి రావద్దన్నాడు డాక్టరు. చున్నీ సర్దుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

"పొద్దున్నే అనుకున్నా, ఏందో దాస్తా ఉందని," అంటూ సుధారాణి రమణి సొరుగు లాగింది. అంతా తెలిసిన కోటి కూడా వచ్చి తొంగి చూశాడు. అడుగున పళ్లు విరిగిన దువ్వెన ఒకటి ఉంది.