కుక్కకు పెట్టిన పేరు

"కుక్కని చూసుకోవడం కూడా ఒక పనేనా?" ముప్ఫై ఏళ్లుగా ఒబెంగ్ పెళ్లాన్ని అంటున్న మాటే ఇది. ఆ పొద్దున కూడా అన్నాడు. ఫోరివా మొక్కజొన్న ముద్దను కుక్క గిన్నెలో పలచగా పరిచి, మణికట్టు ఆనించి వేడి చూస్తోంది. ఆ ఇంట్లో తిండి ముందు ఆయనకి, తర్వాత ఆయన చెల్లెలికి, తర్వాత కుక్కకి, ఆఖర్న తనకి. తన వంతు వచ్చేసరికి అదెలాగూ చల్లారిపోతుంది కాబట్టి దాని వేడి ఎవరూ చూడనక్కర్లేదు.

పెళ్లయి ఘానా దేశపు కుమాసీ ఊళ్లోని ఈ లోగిలికి వచ్చాక ఇది ఆమె నాలుగో కుక్క. మొదటిది తిండి మానేస్తే పొగరన్నారు. ఫోరివా దవడ విప్పి చూస్తే నోరంతా పొక్కిపోయి ఉంది. చల్లార్చి పెట్టడం ఆనాటి నుంచే. రెండోది గేటు దగ్గరికి పరుగెత్తుకు రావడం మానేస్తే ముసలిదైపోయిందన్నారు. ఎందుకబ్బా అని పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి, చెవుల్లో పిడుదులు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. కుక్క నొప్పి అని చెప్పదు, ఏదో ఒకటి మానేస్తుంది. ఏం మానేసిందో మనమే చూసుకోవాలి. ఈ ముక్క ఆమెకి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇంట్లో మొగుడే రిటైరైన హెడ్మాస్టరు కానీ, ఆయనా చెప్పలేదు.

పేర్లు మాత్రం ఆమే పెట్టేది. ఆ ఊళ్లో కుక్క పేరంటే ఎవరికో తగలాల్సిన మాట. మొదటిది 'నాకూ ఆకలేస్తుంది'. రెండోది 'నేనూ మనిషినే'. మూడోది 'ఓపికకీ హద్దుంది'. పొద్దునా సాయంత్రం వాకిట్లో నిలబడి గొంతెత్తి పిలిచేది. పక్క వాటా పోకువా ప్రతి పేరుకీ భుజాలు తడుముకుని తగువుకొచ్చేది. పాపం ఆవిడ మీద పడతావెందుకే అని ఒబెంగ్ నవ్వేవాడు. ఎవరికీ కాదు, కుక్కకే అనేది ఫోరివా.

గిన్నె పట్టుకుని వెళితే కుక్క తన చోట లేదు. వంటింటి వెనక పడి కొట్టుకుంటోంది, నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. పక్కన సగం కొరికిన చేప తల, చింపిన పొట్లం. ఎలుకల మందు చేప తలలో పెట్టొద్దు, కుక్క తింటుంది అని ఆమె రెండుసార్లు చెప్పింది. ఒబెంగ్ వింటే కదా.

లోగిలంతా పోగైంది. పామాయిల్ తెమ్మని ఒబెంగ్ కేకేశాడు. విషం తిన్న కుక్కకి ఎర్ర పామాయిల్ పట్టడం అక్కడ అందరికీ తెలిసిన వైద్యమే. పోకువా సీసా తెచ్చి ఒబెంగ్ చేతికిచ్చేసింది, ఎవరో దవడలు విప్పబోయారు.

తొమ్మిదేళ్లప్పుడు మేనత్త కుక్కకి ఆ నూనె ఫోరివాయే పట్టింది. వెల్లకిలా పడుకోబెట్టి, ప్రేమగా, సీసాడూ. అది మర్నాటి దాకా దగ్గి దగ్గి చచ్చిపోయింది. గట్టి విషం అన్నారు పెద్దవాళ్లు. విషం కడుపులో ఉంటే దగ్గెందుకొచ్చింది? ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. చాలా ఏళ్లకి ఓ మేకపిల్లకి పడుకోబెట్టి మందు పోస్తే అదీ అలాగే దగ్గింది. అప్పుడర్థమైంది, ఆనాటి నూనె కడుపులోకి పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయింది. కుక్కని చంపింది విషం కాదేమో, తనేనేమో. తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి ఏడుపొస్తుంది.

"సీసా కింద పెట్టు," అంది ఒబెంగ్‌తో.

"ఊరంతా ఇదే పడుతుందే. నీ ఒక్కదానికే తెలుసా?"

"ఊరంతా పట్టింది కదా, దానివల్ల బతికిన కుక్కనొకదాన్ని చూపించు."

దవడలు విప్పబోయిన చేతులు వెనక్కి పోయాయి. ఇంత గొంతు తనదేనా అని ఫోరివాకే ఆశ్చర్యం వేసింది. కుక్కని పక్కకి తిప్పి, చొంగ బయటికి పోయేలా మూతి కిందికి వాల్చి, పొట్లం కొంగున ముడేసుకుని ఆటో పిలిపించింది. నలుగురూ చూస్తున్నారు కాబట్టి ఒబెంగ్ కూడా ఎక్కాడు.

పశువుల ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పొట్లం మీది పేరు చదివి సూది వేశాడు. గంటకి వణుకు తగ్గింది. బతుకుతుంది అన్నాడు. పొట్లం తేవడం మంచిదైంది, నూనె పట్టకపోవడం ఇంకా మంచిదైంది, అది ఊపిరితిత్తుల్లోకి పోయుంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదు, మీకెవరు చెప్పారు అని అడిగాడు.

"మా ఇంట్లో అలాంటివి పట్టనివ్వమండీ," అన్నాడు ఒబెంగ్.

ఫోరివాకి కోపం రాలేదు, అదే వింత. ఆ మాట ఎక్కడా తడబడకుండా ఎలా వచ్చిందా అని ఆయన మొహంలోకి తేరిపార చూసింది. అబద్ధమాడుతున్న మొహంలా లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. ఇన్నేళ్లలో తను నేర్చుకున్న సంగతులు ఇంకా ఎన్ని ఇలా చడీచప్పుడూ లేకుండా ఆయనవైపోయాయో తెలుసుకోవాలనిపించింది.

డాక్టరు కార్డు తీసి కుక్క పేరు అడిగాడు, ఒబెంగ్‌నే. ఆరేళ్లుగా దాన్ని కుక్కా అని తప్ప పిలిచి ఎరగడు ఆయన. పెళ్లాం వైపు చూశాడు.

"చెప్పినా వినేదెవరు," అంది ఫోరివా.

పడుకున్న చోటే కుక్క చెవి కదిలింది. డాక్టరు నవ్వుతూ రాసుకుని, ఆ ఊళ్లో ఎవరైనా అడిగేదే అడిగాడు. "ఎవరికమ్మా ఈ పేరు?"

"మా పక్క వాటా ఆవిడకి లెండి. ఆడవాళ్ల గొడవలు," అన్నాడు ఒబెంగ్.

"కాదు బాబూ, ఈయనకే," అంది ఫోరివా. "ఇంతకుముందు మూడింటి పేర్లూ ఈయనకే. ఇక నుంచి కుక్కలతో కబురంపను."