ఆస్పత్రి దాకానే

రాహేలు ఆక్సిజన్ సిలిండరు తాళాన్ని కొద్దిగా తిప్పి, గొట్టం కొసను చెంప దగ్గర పెట్టుకుని చూసింది. చల్లటి గాలి తగిలింది. కట్టేసింది. స్ట్రెచరు మీది రబ్బరు షీటును మోచేత్తో సాపు చేసి, దిండు గలీబు మార్చి, అంబులెన్సు వెనక తలుపులో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది.

బేగంపేట విమానాశ్రయంలో సామాన్ల గేటు పక్కన నీడ లేదు. డ్రైవరు అంజన్న ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని పాన్ నములుతున్నాడు. బొంబాయి విమానం ఆలస్యమని చెప్పారు.

రాహేలు పొట్టి మనిషి. యాభై దాటాయి. నీలం అంచు తెల్లచీర, కాళ్లకు కాన్వాసు బూట్లు. ఎడమ పిక్క మీద నరాలు ముడులు పడి ఉబ్బి ఉంటాయి. ముంజేతులు మాత్రం కూలీ చేతుల్లా గట్టివి. ఎన్నో ఏళ్లుగా మనుషులను ఎత్తి దించిన చేతులవి. ఆమె ఇల్లు సైదాబాద్‌లో. మూసీకి ఆవల కర్ఫ్యూ పెట్టినప్పటి నుంచి ఇంటికి పోలేక తాను పనిచేసే నర్సింగ్ హోంలోనే పడుకుంటోంది. ఇంట్లో గంప కింద మూసిన కోడి ఒక్కటే ఉంది. దానికి పక్కింటివాళ్లు గింజలు వేశారో లేదో తెలియదు.

ఒకసారి ఆమె కూడా విమానం ఎక్కవలసింది. కువైట్‌లో ఒక ఆస్పత్రికి నర్సుగా ఎంపికైంది. తీరా ఎక్స్-రేలో ఊపిరితిత్తి మీద పాత మచ్చ కనిపించి పేరు కొట్టేశారు. అప్పుడు కొన్న సూట్‌కేసులో ఇప్పుడు చలికాలం దుప్పట్లు ఉన్నాయి. ఆ దేశాల నుంచి పడుకుని తిరిగి వచ్చేవాళ్లను దించుకోవడం తర్వాత ఆమెకు పనైంది. అక్కడి కంపెనీలు కూలీలకు బీమా చేయిస్తాయి. మనిషి ఇక లేవడని తేలితే విమానంలో సీట్లు మడిచి, స్ట్రెచరు బిగించి, స్వదేశానికి పంపించేస్తారు.

ఈసారి వచ్చినవాడు రామ్‌చందర్. తాపీ మేస్త్రీ. పరంజా మీద నుంచి పడి నడుము విరిగింది. మంచంలోనే ఉండి ఉండి ఊపిరితిత్తులకు నిమ్ము చేరింది. ముప్పై ఐదు కూడా నిండని మనిషి, దుప్పటి కింద పిల్లవాడంత ఉన్నాడు. బొంబాయి నుంచి వెంట వచ్చిన కాంపౌండరు అతణ్ని అప్పగించి అదే విమానంలో తిరిగి వెళ్లిపోయాడు. బీమా కంపెనీ తరఫు మనిషి అమరనాథ్ ముందు సీట్లో కూర్చున్నాడు. బండి కదిలింది.

రామ్‌చందర్ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకున్నాడు.

"కళావతికి ఎరికేనా?"

"ఎవరు తమ్మీ, నీ భార్యనా?"

తల ఊపాడు.

అమరనాథ్ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "టెలిగ్రాం కొట్టినం. కర్ఫ్యూల అందిందో లేదో."

రాహేలు మాస్కు సర్ది, అతని గుండె మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. బండి కుదిపినప్పుడల్లా లోపల నీళ్లు కదిలినట్టు గురగుర వినిపించింది.

ఆస్పత్రిలో డాక్టరు చాలాసేపు చూశాడు. వరండాలోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఇంటివాళ్లుంటే పిలిపించండి. రేపటిదాకా అనుకోవద్దు" అన్నాడు.

అమరనాథ్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"సార్, బండి పోయి ఆమెను తెస్తది" అంది రాహేలు.

"ఎట్ల పోతదమ్మా? విమానం, అంబులెన్సు అన్నీ బీమాలనే ఉన్నయి. అది ఆస్పత్రి దాకానే. ఇంటోళ్లని తెచ్చేది పాలసీల లేదు. కర్ఫ్యూల బండికి ఏమన్నయితే నా నౌకరి పోతది. గ్యారేజీకి పంపియ్యిండ్రి." అతను ఆమె ముఖం చూడలేదు. పొద్దున అక్కడే పెట్టిపోయిన స్కూటరు ఎక్కి వెళ్లిపోయాడు.

రాహేలు లోపలికి వెళ్లింది. రామ్‌చందర్ కళ్లు తెరిచే ఉన్నాయి.

"నీ ఇల్లెక్కడ తమ్మీ?"

"చాంద్రాయణగుట్ట... కట్టెల అడ్తి ఎనక. నీలం తలుపు."

"నేను పోయి దోల్కొస్త. నువ్వు పండుకో."

బయట అంజన్న బండికి తలుపులు వేస్తున్నాడు.

"బండి తియ్యి అంజన్నా. చాంద్రాయణగుట్ట పోదాం."

"సార్ గ్యారేజీ అన్నడు గదక్కా."

"అక్కడికెళ్లి గ్యారేజీకి పోదాం."

అంజన్నకు ఇంట్లో నలుగురు పిల్లలు. పాన్ ఉమ్మి స్టీరింగు వెనక కూర్చున్నాడు.

నయాపూల్ మీద ముళ్లకంచె జరిపి పోలీసులు దారి ఇచ్చారు. రోగిని తేవడానికి వెళుతున్నామంది రాహేలు. ఆమె ముందు సీట్లో కూర్చుంది. మదీనా నుంచి చార్మినార్ దాకా అన్నీ మూసిన షట్టర్లే. గాజుల దుకాణాల ముందు కుక్కలు రోడ్డు మధ్యనే పడుకుని బండి వచ్చినా లేవలేదు. శాలిబండ దగ్గర రోడ్డంతా రాళ్లు, ఒక కాలిన సైకిలు. అంజన్న రాళ్ల మధ్య నుంచి మెల్లగా పోనిచ్చాడు. ఏదో మేడ మీద కిటికీ తెరుచుకుని వెంటనే మూసుకుంది. అతని చేతులకు చెమట పట్టి స్టీరింగు జారుతోంది. ఒక్కో చెయ్యే తీసి ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

రాహేలుకు భర్త బాబురావు గుర్తొచ్చాడు. అతను రైల్వే ఆస్పత్రిలో పోయిన రోజున ఆమె ఉస్మాన్‌గంజ్ వ్యాపారి ఒకాయన తల దగ్గర డ్యూటీలో ఉంది. ఫోను వచ్చింది. బదులు నర్సు వచ్చేదాకా ఉండాలి కాబట్టి ఉంది. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. ఆమె చేరేసరికి పక్క ఖాళీ చేసి కడిగేశారు.

నీలం తలుపు తీసిన మనిషి అప్పుడే తల స్నానం చేసి వచ్చింది. వెంట్రుకల నుంచి నీళ్లు కారి రవికె వెనకంతా తడిసింది.

"కళావతి నువ్వేనా? మీ ఆయన వచ్చిండు. ఆస్పత్రిల ఉన్నడు."

"వచ్చిండా?" కళావతి ముఖం ముందు వెలిగింది. తర్వాత రాహేలు తెల్లచీరను, వెనక అంబులెన్సును చూసింది. "బతికున్నడా?"

"ఉన్నడు. నడువు."

ఆమె ఇంట్లోకి ఒక్కసారి పోయి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, గడియ కూడా పెట్టకుండా బండి వెనక ఎక్కింది.

వచ్చిన దారిలో మళ్లీ రాళ్లు పడుతున్నాయని మలుపులో పోలీసులు సైదాబాద్ మీదుగా పొమ్మన్నారు. తన వీధి మొదలు కనిపించగానే రాహేలు కళ్లు అటు తిరిగాయి. అంజన్న చూశాడు.

"మీ ఇల్లే గదక్కా. ఆపాల్నా?"

"వద్దు. పోనియ్యి."

చాదర్‌ఘాట్ వంతెన ముందు లారీ అడ్డంగా పెట్టి ఉంది. రాహేలు వెనక్కి వంగి సీటు వెనకున్న కిటికీలోంచి అంది. "దుప్పటి కప్పుకొని పండుకో బిడ్డా. కండ్లు మూసుకో. ఏమడిగినా మాట్లాడకు."

హెడ్ కానిస్టేబుల్ వెనక తలుపు తెరిపించాడు. లాఠీతో దుప్పటి అంచు ఎత్తాడు. "క్యా హువా? ఈమెకేమైంది?"

రాహేలు అబద్ధం ఆడే మనిషి కాదు. "గుండె నొప్పి సార్."

కానిస్టేబుల్ ముందుకు వంగాడు. కళావతి మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. పెదవులు అదురుతున్నాయి. అతను చాలాసేపు చూశాడు. లాఠీ తీసేసి లారీ వైపు అరిచాడు. "హటావో! జానే దో!"

లారీ కదలగానే అంజన్న బండిని వంతెన మీదికి పోనిచ్చాడు.

ఆస్పత్రి మెట్ల దగ్గర కళావతి దిగేటప్పటికి తల దువ్వి, జడ వేసుకుని ఉంది. రాహేలు ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించింది. వార్డు గుమ్మం దాటుతుండగా నర్సు తల ఊపింది. ఉన్నాడు.

రామ్‌చందర్ భార్యను చూశాడు. కళ్లు ఆమె ముఖం మీద, భుజం మీద, జడ మీద ఆగాయి. రాహేలు మాస్కు కొంచెం ఎత్తింది.

"తల ఆరకముందే జడ ఏసుకున్నవ్" అన్నాడు. "సర్ది జేస్తది."

కళావతి నవ్వబోయింది. స్టూలు మీద కూర్చుని, అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, జడ ముందుకు వేసుకుని విప్పసాగింది. పాయలు ఒక్కొక్కటే విడదీసి భుజం మీద పరుచుకుంది. ఇంటి ముచ్చట్లు చెబుతోంది. నల్లా రెండు రోజులు రాక ఈ పొద్దే వచ్చిందని, అడ్తిలో మంచి టేకు వచ్చిందని, ఆయన వచ్చినంక తలుపు మార్పించుకోవాలనుకున్నానని. అతను వింటున్నాడు. ప్రతి ఊపిరికీ మాస్కు లోపల ఆవిరి పట్టి విడుస్తోంది.

కిటికీలో ఎండ గోడ మీదికి ఎక్కింది. రాహేలు మాస్కునే చూస్తూ ఉంది. ఆవిరి విడిచింది. మళ్లీ పట్టలేదు.

కళావతి వేళ్లు ఇంకా వెంట్రుకలను విడదీస్తూనే ఉన్నాయి.

రాహేలు సిలిండరు తాళం మెల్లగా కట్టేసి, ఆమె వెనక నిలబడి, రెండు భుజాల మీద చేతులు వేసింది.

బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. అంజన్న లేచి నిలబడ్డాడు. ఆమె ముఖం చూశాడు.

"సార్ అడిగితే నేనే పోయిన అని చెప్తనక్కా."

"నేను పొమ్మంటె నువ్వు పోయినవ్. నేనే చెప్పుకుంట."

బండి గ్యారేజీకి పోయేలోపు కడగాలి. రాహేలు బకెట్టు కింద పెట్టి వెనక తలుపు తెరిచింది. దిండు మీద తల ఆనినంత మేర గలీబు ఇంకా తడిగా ఉంది. ఆ తడిలో, రెండు పళ్లు విరిగిన చెక్క దువ్వెన ఒకటి, పొడుగాటి నల్లటి వెంట్రుక చుట్టుకుని పడి ఉంది.